సగం గుండు

"మీ క్రాపు ఎవరయినా మిమ్మల్ని అడక్కుండా గొరిగేస్తే ఊరుకుంటారా డాక్టరుగారూ?"

అడిగింది డాక్టర్ మస్తానమ్మ. అడిగిన చోటు నెల్లూరులో ఒక పిల్లల ఆసుపత్రి వరండా. చుట్టూ నర్సులు, పాలసీసాలతో నిలబడిపోయిన తల్లులు. అడిగించుకున్నవాడు డాక్టర్ రంగనాయకులు.

అతని చెయ్యి దానంతటదే తల మీదికి పోయింది. పోదూ మరి! ఆ రోజుల్లో, అంటే అరవై ఏడులో, నెల్లూరు మొత్తానికీ అలాంటి క్రాపు ఇంకొకటి లేదు. ఆపరేషనుకి ముందు దాన్ని టోపీ కింద చెదరకుండా సర్దుకోవడానికి అతను పడే అవస్థ చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

"హెయిర్‌దేముంది మేడమ్, మళ్లీ వస్తుంది," అన్నాడు.

చూశారా! పసిపిల్లల మెదడు విప్పి మళ్లీ కుట్టగలిగిన మనిషి అనవలసిన మాటేనా ఇది?

"పుట్టెంటికలు మళ్లా వస్తాయా? మీరు ఏ దేశం మనిషండీ? విడవలూరులోనే పుట్టినారా, విమానంలోంచి దిగినారా?"

"డాక్టర్, అందరూ చూస్తున్నారు."

"చూడనీండి! మా వదిన ఏడ్చుకుంటా పోయేటప్పుడు కూడా అందరూ చూసినారు. అప్పుడు మీకు సిగ్గేసిందా?"

అసలు జరిగింది ఇది. ఆ ఆసుపత్రిలో పిల్లల మెదడు ఆపరేషన్ల విభాగం పెట్టి ఎంతో కాలం కాలేదు. సర్జన్లు ముగ్గురు. మద్రాసు నుంచి వచ్చిన చీఫ్, ఆయన కింద రంగనాయకులు, మస్తానమ్మ. రంగనాయకులు విడవలూరు వరిపొలాల ఇంటివాడు. మస్తానమ్మ జువ్వలదిన్నెలో పడవ ఉన్న ఇంటి పిల్ల, ఆ వీధిలోంచి డాక్టరు చదివిన మొదటి మనిషి. కత్తి పట్టే తీరులో ఇద్దరికీ తేడా లేదు. అయినా చీఫ్ కోతలన్నీ రంగనాయకులుకి ఇచ్చి, ఆమెచేత కోసిన చోటు తెరిచి ఉంచే కొక్కేలు పట్టించేవాడు, లైటు సర్దించేవాడు. ఎందుకని అడిగితే ఆడవాళ్లకి ఓపిక ఎక్కువ అనేవాడు. ఇంత కడుపు మండించే పొగడ్త ఇంకొకటి ఉంటుందా?

మస్తానమ్మ అన్న వెంకయ్యకి ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడోవాడు బతికితే పేరూ, పుట్టువెంట్రుకలూ మాలకొండ స్వామికే ఇస్తామని వదిన పేరమ్మ మొక్కుకుంది. వాడు బతికాడు, మాలకొండయ్య అయ్యాడు. ఏడాది నిండకముందే తల పెరగడం మొదలుపెట్టింది. తలలో నీరు చేరింది. చూపు కిందికి దిగిపోతోంది. లోపల చిన్న గొట్టం, దానికో వాల్వు పెట్టి ఆ నీటిని దించకపోతే మొదట కళ్లు పోతాయి, తరవాత బిడ్డే పోతాడు.

ఆసుపత్రంటే భయపడే ఇంటివాళ్లని మస్తానమ్మ నెలల తరబడి బతిమాలి ఒప్పించింది. "నాకు తెలీకుండా బిడ్డ మీద ఎవరూ చెయ్యి వెయ్యరు వదినా," అని మాటిచ్చింది. శనివారం కొండకి తీసుకుపోయి మొక్కు తీర్చి, సోమవారం ఆపరేషన్ చేయించాలని ఆమె ఆలోచన.

గురువారం వాడు వార్డులో చేరాడు. చేరిన బిడ్డకి ఆ పూటే గుండు చేసి, ఆపరేషన్ దాకా రోజూ మందునీళ్లతో తల కడగడం అక్కడి పద్ధతి. మస్తానమ్మ థియేటర్‌లో ఉంది. తల్లి పాలు కాచుకు రావడానికి పోయింది. రంగనాయకులు వార్డులోకి వచ్చి, మంగలి హజరత్తయ్యని పిలిచి, "కానియ్," అన్నాడు.

పేరమ్మ పాలతో తిరిగొచ్చేసరికి బిడ్డ తల కుడిపక్క నున్నగా ఉంది. పాలు నేల పాలయ్యాయి. ఆమె బిడ్డని లాక్కుని, సగం గుండుతోనే, అత్తగారిని వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్లిపోయింది.

చీఫ్ ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు.

"సోమవారం పొద్దున బిడ్డ నా బల్ల మీద ఉండాలి. లేకపోతే ఆ వాల్వు ఇంకో బిడ్డకి పెడతాను. ఓడ మీద వచ్చింది, మళ్లీ ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. డాక్టర్ మస్తానమ్మా, మీరు చదువుకున్నవాళ్లు. మీ ఇంట్లోనే ఇంత మూఢత్వమా?"

"మూఢత్వం వాళ్లది కాదు సార్. అడక్కుండా ముట్టుకున్నది మనం."

చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. రంగనాయకులు? నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు నిలబడ్డాడు. ఆమె విసురుగా బయటికి నడిచింది. తలుపు శబ్దానికి గోడ మీద కేలండరు ఊగింది.

మస్తానమ్మ పోయి పోయి ఇలాంటివాణ్ణి ప్రేమించడం ఏమిటని మీరు అడుగుతారు. ఆగండి. ఆ సాయంత్రం వాన తుంపర పడుతుండగా, వార్డు వెనక చెత్త వేసే గుంటలో ఒక తెల్లకోటు కనబడింది.

"అయ్యో సార్! మీరు గుంటలో దిగేదేంది?" అని పరిగెత్తుకొచ్చాడు హజరత్తయ్య.

"ఆ వెంట్రుకలు యాడ పోసినావు?"

"పేపర్లో చుట్టి పారేసినా. గొరగమంటిరి, గొరిగినా. తల్లిని అడగమని ఉంటే అడిగేవాణ్ణి గదా. ఇప్పుడు వార్డంతా నన్నే తిడతా ఉండాది!"

"తిట్లు నాకు రావాల్సినవి. రేపు అందరికీ నేనే చెప్తా. ముందు ఏ పక్క పారేసినావో చూపించు."

దూదులు, కట్లు, అరటితొక్కలు, వానకి నానిన కాగితాలు. ఎంతో వెతికాక ఒక పొట్లం దొరికింది. విప్పితే మెత్తటి కుచ్చులో కట్టిన నల్లపూస కనిపించింది. దిష్టి తగలకుండా నాయనమ్మ కట్టిన పూస. రంగనాయకులు దాన్ని జేబురుమాలులో చుట్టి గుండెజేబులో పెట్టుకున్నాడు. క్రాపు నుదుటికి అతుక్కుపోయి ఉంది. దువ్వుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం బిట్రగుంట వైపు పోయే ప్యాసింజరులో మస్తానమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఎదురుగా ఎవరో వచ్చి కూర్చున్నారు. తల ఎత్తి చూసింది. రంగనాయకులు.

"పెట్టె నిండా చోటుంది," అంది.

"ఉంది."

"మీరు కూర్చున్న పక్క కిటికీ మూతపడదు. వాన కొడుతుంది."

"కొట్టనీండి."

"అయితే తడవండి." ఆమె మొహం తిప్పుకుంది. కావలసినంత వాన వచ్చింది. రంగనాయకులు ఒక చెయ్యి గుండెజేబు మీద అడ్డం పెట్టుకుని నిక్షేపంగా తడిశాడు. కాసేపటికి ఆమెకే చిరాకు పుట్టింది.

"ఎక్కడికి పోతున్నారు?"

"జువ్వలదిన్నెకి."

"ఎందుకు? మిగిలిన సగం కూడా గొరగడానికా?"

అతను జేబురుమాలు తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె విప్పింది. నల్లపూస చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు వచ్చినందుకు మళ్లీ కోపం వచ్చింది.

"ఎక్కడిది?"

"చెత్తగుంటలో."

"ఎవరు దిగినారు?"

"నేనే. క్రాపుతో సహా."

నవ్వు వచ్చింది. ఆమె దాన్ని పంటి కింద నొక్కేసింది.

"నాకూ కోపముంది డాక్టర్," అన్నాడు రంగనాయకులు. "శనివారం లీవు ఎందుకని అడిగితే ‘పర్సనల్’ అన్నారు. మొక్కు ఉందని ఒక్క మాట చెప్పి ఉండొచ్చు గదా? నేనేమన్నా పరాయివాణ్ణా? రోజూ ఒకే బల్ల దగ్గర నిలబడతామే!"

"చెప్పుంటే నవ్వేవాళ్లు కాదా?"

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పలేదు. "నవ్వేవాణ్ణే."

"మరి! నా పేరే మొక్కు. మా అమ్మకి ఆడబిడ్డ దక్కకపోతే కసుమూరు దర్గాలో మొక్కుకొని పెట్టిన ఆ సామి పేరు. ఈ పేరుతో మీ అందరి మధ్యా స్టెతస్కోపు వేసుకొని తిరగతా ఉండా. బ్రెయిన్ సర్జన్‌కి మొక్కులేందని మీరు నవ్వితే పడి ఉండే ఓపిక నాకు లేదు. నాకు ఓపిక ఎక్కువని చీఫ్‌కి ఎవరు చెప్పినారో గానీ!"

"నేను నవ్వుంటే మీరు నన్ను తిట్టేవాళ్లు. నేను పడేవాణ్ణి. బిడ్డ మాత్రం వార్డులోనే ఉండేవాడు."

ఆ మాట నిజం కాబట్టి ఆమెకి మరింత కోపం వచ్చింది. ఈసారి అతని మీద కాదు. కొంచెం జరిగి, పక్కన చోటు చూపించి, "ఇటొచ్చి కూర్చోండి, జలుబు చేస్తే సోమవారం మాస్కులో తుమ్ముతారు," అంది.

బిట్రగుంటలో దిగి ఎద్దుబండి కట్టించుకున్నారు. ఊరు చేరేసరికి వాన వెలిసింది. వెంకయ్య వేటకి పోయి ఇంకా ఒడ్డుకి రాలేదు. మస్తానమ్మ తల్లి అంకాలమ్మ ఇంటి ముందు పట్టా మీద వానకి వేసిన కప్పు తీసి, ఎండుచేపల్ని కర్రతో తిరగేస్తోంది. కూతుర్ని చూడగానే ఆ కర్ర పైకి లేచింది.

"నువ్వు మాట్లాడబాకు. నీ మాట విని బిడ్డని తెచ్చినందుకు బాగా జరిగింది. ఈ అబ్బయ్య ఎవరు?"

"గొరగమన్నది నేనే అమ్మా," అన్నాడు రంగనాయకులు.

కర్ర గాలిలోనే ఆగిపోయింది. పారిపోవలసిన మనిషి వచ్చి ఎదురుగా ఇసకలో కూర్చుంటే ఎవరికైనా ఏం చెయ్యాలో తోచదు. అతను జేబురుమాలు విప్పి ఆమె ముందు పెట్టాడు.

"బిడ్డ కళ్లు కిందికి దిగిపోతున్నాయి, మీరూ చూస్తా ఉండారు. సోమవారం దాటితే ఆ వాల్వు వాడికి దక్కదు. నా మీద కోపముంటే నన్ను కొట్టండి. బిడ్డని మాత్రం పంపించండి."

గడప లోపల్నించి పేరమ్మ బయటికొచ్చింది. బిడ్డ తల మీద కొంగు కప్పి ఉంది.

"కోపమా? నాకు కోపమంటావా సామీ? బిడ్డ తల మీద మొదట కత్తి పెట్టే వరస మేనమామది. మా అన్న సముద్రంలోనే పోయినాడు. ఒక్కడే అన్న. వాడి బదులు బిడ్డని ఎవరి ఒళ్లో కూర్చోబెట్టాలా అని వీడు పుట్టినప్పట్నించీ ఏడుస్తా ఉండా. మీరేమో నేను పాలు కాచుకొచ్చే లోపల గొరిగేసినారే! నేను చచ్చినానా, అడగడానికి?"

రంగనాయకులు నోట్లో ఈసారి బెల్లం ముక్క లేదు.

"అడగలేదమ్మా. అడగాల్సింది. వెంట్రుకల కింద ఉండే జబ్బే చూసినాను, పక్కన ఉండే తల్లిని చూడలేదు."

అంకాలమ్మ కర్ర కింద పెట్టింది. అతన్ని పైనుంచి కిందికి, సంతలో చేపని చూసినట్టు చూసింది.

"మొదట కత్తి పెట్టించింది నువ్వే గదా?"

"నేనే."

"అయితే ఆ వరస నీదే. ఒకడు కత్తి పెట్టించినాక ఇంకోడు మేనమామ కాలేడు. రేపు కొండకి రా. బిడ్డని ఒళ్లో పెట్టుకొని ఆ సగం కూడా తీయించు. రెండు సగాలూ కలిపి సామికి ఇచ్చేద్దాం. పేరమ్మకి అన్న అవుతావు. ఇష్టమేనా?"

అతను మస్తానమ్మ వైపు చూశాడు. తరవాత పేరమ్మ వైపు చూశాడు.

"నాకు ఇష్టమే. ఆమెకి ఇష్టమో కాదో ఆమెని అడగండమ్మా."

అంకాలమ్మ అడగలేదు. అడగవలసిన పని లేకపోయింది. పేరమ్మ కొంగు తీసి, సగం గుండు బిడ్డని తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. "మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకో అన్నా, తల బరువు," అంది.

పిల్లల తలలు పట్టుకోవడమే వృత్తిగా ఉన్నవాడికి ఆమె పట్టుకోవడం నేర్పింది. అతను బుద్ధిగా నేర్చుకున్నాడు. మస్తానమ్మ మొహం తుడుచుకోవడానికి ఇంట్లోకి పోయింది.

మాలకొండ గుడి తలుపులు తెరిచేది శనివారమే కాబట్టి జనం కొండంతా ఉన్నారు. వెంకయ్య తెల్లవారేసరికి ఒడ్డుకొచ్చి వాళ్లతో కలిశాడు. రంగనాయకులు బిడ్డని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కత్తి తగలగానే మాలకొండయ్య కొండ అదిరేలా ఏడ్చి, మేనమామ చొక్కా తడిపేశాడు. ఎడమపక్క వెంట్రుకలూ, జేబురుమాలులోని కుడిపక్క వెంట్రుకలూ పేరమ్మ ఒకే ఆకులో కలిపింది. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి ఆమె అప్పుడు వదిలింది.

అందరూ లేచారు. రంగనాయకులు మాత్రం లేవకుండా, బిడ్డని పేరమ్మకిచ్చి, మంగలి ముందుకి జరిగాడు.

"నాక్కూడా తీసెయ్."

"మీకేం మొక్కు డాక్టరుగారూ?" మస్తానమ్మ తెల్లబోయింది.

"సోమవారం నా చెయ్యి వణక్కూడదు."

నెల్లూరులో జోడు లేని ఆ క్రాపు తడి బండ మీద కుప్పగా పడింది. మస్తానమ్మ చూసింది, చూసింది, ఇక ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మీ తల ఇంత చిన్నదా!"

"ఇన్నాళ్లూ క్రాపే పెద్దది," అన్నాడు అతను.

దిగేటప్పుడు మెట్ల మీద అంకాలమ్మ అతని పక్కకి వచ్చింది. "పిల్లోడికి మేనమామ అయితివి. ఇంట్లో మిగతా వాళ్లకి ఏమవుతావో లెక్క చూసుకో నాయనా."

"తీరిగ్గా చూసుకుంటానమ్మా," అన్నాడా మహానుభావుడు. వెనక వస్తున్న మస్తానమ్మ చెవులు ఎర్రబడ్డాయి. అతను ఆవైపు చూడనే లేదు. చదువుకున్నవాళ్లకి కొన్ని విషయాలు ఎంత ఆలస్యంగా వెలుగుతాయో!

సోమవారం థియేటర్‌లో చీఫ్ రెండు గుండ్లని మార్చి మార్చి చూసి, "ఏమిటిది?" అన్నాడు.

"వరస సార్," అన్నాడు రంగనాయకులు.

బిడ్డకి మేనత్త కాబట్టి మస్తానమ్మకి లోపలికి అనుమతి లేదు. మొట్టమొదటిసారి ఆమె తలుపు బయట బెంచీ మీద, తల్లికీ వదినకీ మధ్యన కూర్చుంది. ఆ బెంచీ ఎంత గట్టిదో, ఆ తలుపు ఎంత మొండిదో అప్పుడు తెలిసింది. నర్సులు వస్తున్నారు, పోతున్నారు, ఒక్కరూ ఒక్క ముక్క చెప్పరు. పేరమ్మ ఆమె చేతిని నలిపేస్తోంది.

"ఇన్నాళ్లూ తల్లుల్ని ఇట్టాగేనా కూర్చోబెట్టింది మనం?" అని వార్డు నర్సు మగ్దలీనమ్మ మీద విరుచుకుపడింది. "లోపల ఏం జరగతా ఉందో ఒకరన్నా వచ్చి చెప్పరే! వీళ్లేమన్నా రాళ్లా?"

"మీరు కూడా ఎప్పుడూ వచ్చి చెప్పలేదు డాక్టరమ్మా," అంది మగ్దలీనమ్మ.

అంతలో తలుపు తెరుచుకుంది. ఆపరేషన్ మధ్యలో ఆ తలుపు అంతకుముందు ఎప్పుడూ తెరుచుకోలేదు. మాస్కు మీద రెండు కళ్లు, రంగనాయకులువి. "గొట్టం పెట్టినాము పేరమ్మా. నీరు దిగతా ఉంది. బిడ్డ బాగా ఊపిరి తీసుకుంటా ఉండాడు. ఇంకా కుట్లు వెయ్యాల." చెప్పేసి కళ్లు లోపలికి వెళ్లిపోయాయి.

మూసుకున్న తలుపు వైపు చూస్తూ మస్తానమ్మ చాలాసేపు కూర్చుంది. ప్రేమ అనేది ఆమెకి ఆ బెంచీ మీదే ఖాయమైంది.

ఆపరేషన్ అయ్యాక చేతులు కడుక్కుంటూ రంగనాయకులు చీఫ్‌తో అన్నాడట: "వచ్చే కేసులో కోత డాక్టర్ మస్తానమ్మది సార్. కొక్కెం నేను పట్టుకుంటాను. ఓపిక నాకూ ఉంది." చీఫ్ గొణిగాడు, కాదనలేదు.

వారం తిరిగేసరికి మాలకొండయ్య కళ్లు పైకెత్తి తల్లి మొహంలోకి చూశాడు. పేరమ్మ పెట్టిన కేకకి వార్డు వార్డంతా లేచి వచ్చింది.

ఆ సాయంత్రం వరండాలో, మొదట పోట్లాడుకున్న చోటే, ఇద్దరూ నిలబడ్డారు. బయట వాన.

"నేను పేరమ్మకి అన్నని," అన్నాడు రంగనాయకులు, వేళ్లు మడుస్తూ. "మీ అన్నకి బావమరిదిని. అంటే మీకు..."

"బ్రెయిన్ సర్జన్! ఇప్పుడు వెలిగిందా? మా అమ్మ మెట్ల మీదనే చెప్పింది!"

"మరి మా ఇంట్లో..."

"అమ్మ నిన్న విడవలూరు పోయొచ్చింది, ఎండు రొయ్యలు తీసుకొని. సంతకొచ్చే రోజుల నుంచీ మీ అమ్మ పిచ్చమ్మగారు తెలుసంట. ముందు ఆమె ‘మా వాడి క్రాపు ఏమయింది’ అని కోప్పడిందంట, ఆ తరవాత ‘పిల్ల మంచిదేనా’ అనిందంట. మీ నాయన మాత్రం మొహం తిప్పుకొని పొలానికి పోయినాడంట. అమ్మ మళ్లా పోతుంది, మెత్తబడేదాకా పోతుంది."

అతని మొహం వెలిగిపోయింది. అంతే, ఆమెకి మళ్లీ కోపం అంటుకుంది.

"నవ్వబాకండి! మా అమ్మ మాట్లాడింది, మీ అమ్మ మాట్లాడింది, వదిన చీర రంగు కూడా చెప్పేసింది. నన్ను అడిగినవాళ్లు ఒక్కరన్నా ఉండారా? నేనేమన్నా వార్డులో పడుకున్న బిడ్డనా, ఎవరికి తోచినట్టు వాళ్లు చెయ్యడానికి?"

రంగనాయకులు నవ్వు ఆపేశాడు. ఒక అడుగు వెనక్కి వేసి, ఆమె కళ్లలోకి చూసి అడిగాడు.

"మస్తానమ్మగారూ, నన్ను చేసుకోవడం మీకు ఇష్టమేనా? కాదంటే, మీ అమ్మకీ మా అమ్మకీ నేనే చెప్పుకుంటా."

వాన జల్లు వరండాలోకి కొట్టింది. ఆమె అతని తల వైపు చూసింది. గుండు మీద వెంట్రుకలు అప్పుడే నల్లగా, గరుగ్గా మొలుస్తున్నాయి. ఆమె చెయ్యి చాపింది. తాకబోతూ మధ్యలో ఆపింది.

"ముట్టుకోవచ్చా?" అని అడిగింది.

రంగనాయకులు తల వంచాడు.